పాటలకి వేరే గదా, హాల్లోనేనా?

మాది అమలాపురం దగ్గరండి. మేడ మీద ధాన్యం బస్తాలు వేసుకునే గది ఖాళీ అయింది, 10 అడుగులకి 10, ఎత్తు కూడా పదే. కింద హాలు 22 అడుగుల పొడవు, కానీ టీవీ, పిల్లలు, వచ్చేపోయే చుట్టాలు. మా ఆవిడైతే ఆ స్పీకర్ పెట్టెలు పైకి పట్టుకుపొమ్మంటోంది. స్పీకర్లు నిలువెత్తువి. ఏం చేయమంటారు?

జవాబు: పైకి వద్దండి. మూడు కొలతలూ ఒకటే అయితే 56 హెర్ట్జ్ దగ్గర, అంటే బాస్ అనే లోతైన మంద్ర ధ్వనిలో, మూడు దిక్కుల మోతా ఒకేచోట పోగవుతుంది. గోడకి ఆనుకుని కూర్చుంటే గుమ్మని మోగుతుంది, గది నడిమధ్యకొస్తే అదే బాస్ మాయం. హాల్లో స్పీకర్లని గోడ నుంచి రెండు మూడడుగులు ముందుకి జరపండి, సోఫాని కూడా వెనక గోడకి అంటించకండి.

జవాబు: హాల్లో ఆయన వినేదెప్పుడు, సీరియళ్లు అయ్యాకా? పైనే నయం. కాకపోతే పల్చటి ఫోమ్ పలకలు కొనకండి, అవి కీచుదనం తగ్గిస్తాయి గానీ బాస్‌ని ఆపవు, మన వానాకాలం చెమ్మకి బూజు కూడా. మూలల్లో మందంగా కొబ్బరి పీచు పరుపులు నిలబెట్టండి, మనకి పీచుకేం కరువు.

జవాబు: మే నెలలో ఆ స్లాబు కింద ఫ్యాన్ లేకుండా కూర్చోగలరా? ఫ్యాన్ వేస్తే నెమ్మదైన ఆలాపన వినపడదు. పెద్దవి హాల్లోనే ఉంచి, పైకి చిన్న స్పీకర్లు పెట్టుకోండి.

అడిగినాయన: ఆయ్, చిన్నవి మా బావ దగ్గరున్నాయి, ముందు అవి తెచ్చి చూస్తాను.