అప్‌డేట్: తక్కువ వెలుతురు ట్యాంకుకు చివరికి ఎంచుకున్న కోరల్స్

నా ఉప్పునీటి అక్వేరియంలో పార్ (కోరల్స్‌కు అందే వెలుతురు కొలత) ఇసుక దగ్గర 40, రాళ్ల పైన 80 మాత్రమే వస్తోంది, లైటు మార్చకుండా ఏ కోరల్స్ (పగడపు జీవులు) పెట్టొచ్చు అని అడిగాను. సలహాలన్నీ చూశాక తేల్చుకున్నది ఇదీ.

కింద డిస్కోసోమా మష్రూమ్‌లు (పుట్టగొడుగు ఆకారపు కోరల్స్), బ్లాస్టోముస్సా. రెండింటికీ నీటి ప్రవాహం నెమ్మదిగా ఉండాలి. పంపు ధార నేరుగా తగిలితే బ్లాస్టో కండ ముడుచుకుపోతుంది. పైన డంకన్, జోయాంథిడ్‌లు. గ్రీన్ స్టార్ పాలిప్స్ మాత్రం విడిగా ఉన్న రాయి మీదే. అసలు రాళ్లకు అంటుకుందంటే ఇక వదిలించుకోవడం కష్టం.

ఎక్కువ వెలుతురు కావాల్సిన అక్రోపోరా జాబితాలోంచి పోయింది. సన్ కోరల్ కూడా. దానికి వెలుతురు అక్కర్లేదు నిజమే, కానీ పాలిప్‌లకు (కోరల్‌లోని చిన్న చిన్న జీవులకు) తరచూ మేత పెట్టాలి, ఆ మేతతో నైట్రేట్ పెరుగుతుంది. చిన్న ట్యాంకుకు అది తలనొప్పే.

లవణీయత 1.025 (సాపేక్ష సాంద్రత), ఆల్కలినిటీ (నీటి క్షారత) 8–9 డీకేహెచ్ (దాని కొలమానం), నైట్రేట్ 5–10 పీపీఎం దగ్గర ఉంచుతున్నాను. నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నాకి దిగితే మష్రూమ్‌లు పాలిపోతాయి, నింద లైటు మీద పడుతుంది. కోరల్ కాడ సాగి పైకి లేస్తుంటే వెలుతురు చాలడం లేదన్నమాట. ముడుచుకుని రంగు వెలిస్తే ఎక్కువైనట్టు.

జోయాంథిడ్‌లను కోసేటప్పుడు చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. కొన్నింట్లో పాలీటాక్సిన్ అనే ప్రమాదకరమైన విషం ఉంటుంది. అవి అంటుకున్న రాయిని వేడినీళ్లలో మరిగించొద్దు, ఆవిరి పీలిస్తే ప్రమాదం.