సంఘం ముందా, పార్టీ ముందా? మన జిల్లాల అనుభవం ఏం చెబుతోంది?

సిక్కోలు కుర్రోడు: మా స్టడీ సర్కిల్‌లో ఇదే గొడవ. లెనిన్ 1902లో చెప్పినట్టు పూర్తికాలం కార్యకర్తలతో గట్టి పార్టీ లేకపోతే ఏ పోరాటమూ నిలబడదని కొందరు, ఎక్కడి సమస్యకు అక్కడ కమిటీ వేసుకుంటే చాలని కొందరు. మీరేమంటారు?

పార్వతీపురం మాస్టారు: తమ్ముడూ, శ్రీకాకుళం గిరిజన పోరాటాన్ని నడిపిన వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం కమ్యూనిస్టు పార్టీ వాళ్లే. కానీ ఏజెన్సీ జనం వాళ్ల వెంట నడిచింది గిరిజన సంఘం వల్ల. షావుకార్ల అప్పులు, పాలేర్ల కూలి, పోడు భూమి, ఏళ్ల తరబడి వీటి మీదే పనిచేశారు. అందుకే 1967 అక్టోబర్ 31న మొండెంఖల్లు సభకు వెళ్తున్నవాళ్లలో కోరన్న, మంగన్నలను లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు చంపితే మన్యమంతా కదిలింది. 1969లో సాయుధ పోరాటమే దారన్న సీపీఐ (ఎం.ఎల్.) పార్టీ వచ్చాక బహిరంగ సంఘాలను పక్కన పెట్టి అంతా రహస్య దళాల చేతికి ఇచ్చారు. 1970 జులైలో సత్యం, కైలాసం ఇద్దరూ పోలీసుల చేతుల్లో చనిపోయారు. అప్పటికి ఊళ్లో జనం తరఫున నిలబడడానికి సంఘం ఏది?

నెల్లిమర్ల కార్మికుడు: మాస్టారూ, లేవిడి కేసులో నిందితులను కోర్టు వదిలేసింది కదా. అప్పుడు సంఘం తీర్మానం చేస్తే సరిపోయేదా? పోలీసు క్యాంపులు దిగినప్పుడు క్రమశిక్షణ ఉన్న పార్టీ లేకపోతే ఒక్కరోజు కూడా ఆగలేరు.

పార్వతీపురం మాస్టారు: పార్టీ వద్దని నేననలేదు బాబూ. ఆంధ్ర కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి వాళ్లు కూడా పార్టీ మనుషులే, ఆయుధం పట్టడానికి ముందు భూమి సమస్య మీద జనం కదలాలని అప్పుడే వాదించారు. వాళ్లతో చర్చించి తేల్చుకోవాల్సింది పోయి 1969 మొదట్లోనే విప్లవకారుల అఖిల భారత సమన్వయ కమిటీ నుంచి బయటికి పంపేశారు. నాకు బాధ అక్కడే. పైనుంచి వచ్చిన లైను తప్పని కొండ మీద పనిచేసేవాడు చెప్పడానికి చోటు లేకపోతే దాన్ని ప్రజాస్వామిక కేంద్రీకరణ, అంటే అందరూ చర్చించి తేల్చాక ఒకే మాట మీద నడవడం, అని ఎలా అంటాం? అందులో కేంద్రీకరణ ఒక్కటే మిగిలింది.

ఉద్దానం అమ్మాయి: సోంపేట చూడండి. బీల అనే చిత్తడి భూముల్లో థర్మల్ ప్లాంటు వద్దని రైతులు, మత్స్యకారులు పార్టీలతో పని లేకుండా ఒక్కటయ్యారు. 2010 జులై 14న కాల్పులు జరిగి ప్రాణాలు పోయినా వెనక్కి తగ్గలేదు, పర్యావరణ అనుమతి రద్దయింది. కానీ ఎన్నికలొచ్చేసరికి ఎవరి జెండా వాళ్లదే, కౌలు, కూలి సంగతి అడిగే నాథుడు లేడు. అందుకే పార్టీ కావాలంటాను, మాస్టారు చెప్పిన షరతుతోనే: సంఘం కార్యదర్శిని సభ్యులే ఎన్నుకోవాలి, వద్దనుకుంటే దించాలి, పార్టీ పైనుంచి ఒకరి పేరు పంపడం మానాలి. మా మండల మహాసభలో ఈ సవరణ పెడుతున్నాం. నెల్లిమర్ల అన్నా, మీ యూనియన్‌లో దీనికి ఒప్పుకుంటారా?