సౌర విద్యుత్తులో ప్రైవేటు పెట్టుబడి: ఎండ ఒక్కటే చాలదా?

ప్రశ్న:
2017 ఏప్రిల్‌లో కడప సోలార్ పార్కు వేలంలో (అందరికంటే తక్కువ ధరకు కరెంటు అమ్ముతామన్నవారికే ప్రాజెక్టు దక్కే వేలం ఇది) యూనిట్ ధర 3.15 రూపాయలుగా తేలింది. మరుసటి నెలలోనే రాజస్థాన్‌లోని భడ్లాలో అది 2.44 రూపాయలకు దిగింది. రాయలసీమలో ఎండకు కొదవ లేదు కదా! మన దేశంలో ప్రైవేటు సంస్థలు ఒకచోట పోటీపడి పెట్టుబడి పెట్టడానికి, మరోచోట వెనుకాడడానికి అసలు కారణాలేమిటో తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1:
ఆ రెండు ధరలను పక్కపక్కన పెట్టి ఎక్కువ ఊహించకూడదు. థార్ ఎడారిలో ఎండ కడపలోకంటే తీవ్రం, పైగా ఆ రోజుల్లో ప్యానెళ్ల ధరలు వేగంగా పడిపోతున్నాయి. అసలు సంగతి వడ్డీలో ఉంది. సౌర కేంద్రానికి ఇంధనం కొనే పని లేదు కనుక ఖర్చు దాదాపు అంతా మొదట్లోనే, అదీ చాలావరకు అప్పుతో, పెట్టాలి. కాబట్టి కరెంటు కొనే డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) పాతికేళ్లపాటు సకాలంలో బిల్లు చెల్లిస్తుందా అన్నదే బ్యాంకు అడిగే మొదటి ప్రశ్న; అనుమానం ఉంటే వడ్డీ పెరుగుతుంది, దానితో యూనిట్ ధరా పెరుగుతుంది. మధ్యప్రదేశ్‌లోని 750 మెగావాట్ల రీవా ప్రాజెక్టులో ఈ భయానికి విరుగుడుగా చెల్లింపులకు భద్రతా నిధితోపాటు రాష్ట్ర ప్రభుత్వ గ్యారంటీ కూడా కల్పించారు, కొనుగోలుదారుల్లో ఢిల్లీ మెట్రో కూడా చేరింది. ఫలితంగా 2017 ఫిబ్రవరి వేలంలో మొదటి ఏడాది ధర మూడు రూపాయలకు లోపే వచ్చింది.

జవాబు 2:
దీనికి ఎదురు ఉదాహరణ మన దగ్గరే ఉంది. 2019 జులై 1న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 63 ద్వారా ఒక కమిటీని వేసి, అప్పటికే సంతకాలైన పవన, సౌర విద్యుత్ కొనుగోలు ఒప్పందాల ధరలను తిరగదోడబోయింది. వివాదం హైకోర్టుకు చేరింది. సౌర విద్యుత్తుకు మధ్యంతరంగా 2.44 రూపాయలే చెల్లించే ఏర్పాటు 2022 మార్చి వరకు నడిచింది. ఒప్పందపు ధర ప్రకారం బకాయిలు తీర్చాలని అప్పుడు డివిజన్ బెంచ్ ఆదేశించింది. పాత ధరలు డిస్కంలకు భారమన్న వాదనలో నిజం లేకపోలేదు. అయితే సంతకం చేసిన ధర నిలుస్తుందన్న నమ్మకం సడలినప్పుడు, ఆ అనుమానం ఖరీదును తర్వాతి వేలంలో పాల్గొనేవారు తమ ధరలో కలుపుకోక మానరు.

జవాబు 3:
విదేశీ అప్పు సంగతి కూడా చూడాలి. డాలర్లలో తక్కువ వడ్డీకి తెచ్చినా ఆదాయం రూపాయల్లోనే వస్తుంది, కాబట్టి మారకపు నష్టానికి రక్షణ కొనుక్కునేసరికి ఆ లాభంలో పెద్ద భాగం కరిగిపోతుంది. ఇక భూమి విషయంలో కర్ణాటకలోని పావగడ సోలార్ పార్కు పద్ధతి నాకు మెరుగనిపిస్తుంది: అక్కడ రైతుల నుంచి భూమిని కొనకుండా, ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలుపెట్టి కాలక్రమంలో పెరిగే కౌలుకు తీసుకున్నారు.