అప్‌డేట్: రోజూ వేసుకునే కిల్ట్‌కు స్పోరన్ కొన్నాను

స్కాట్లాండ్‌లోని ఎడింబరాలో ఉంటూ వారానికి మూడు నాలుగు రోజులు కిల్ట్ (ఇక్కడి మగవాళ్లు వేసుకునే, లంగాలాంటి ఉన్ని బట్ట) వేసుకునే నాకు ఏ స్పోరన్ పనికొస్తుందని పోయిన నెల అడిగాను. కిల్ట్‌కు జేబులుండవు, ముందు వేలాడే ఈ స్పోరన్ అనే సంచే జేబు.

మీలో ఎక్కువమంది చెప్పినట్టే బొచ్చువి పెళ్లిళ్లకు వదిలేసి, సాదా గోధుమరంగు తోలుది తీసుకున్నాను. షాపులోనే ఫోను, తాళాలు, బస్ కార్డు పెట్టి చూశాను. మొదట నచ్చినదాంట్లో ఫోను అడ్డంగా కూడా పట్టలేదు! పైకి పెద్దదే, మూత కింద అసలు సంచి మాత్రం అరచేయంత.

నేను అనుకోనిది స్పోరన్‌ను నడుముకు కట్టే గొలుసు సంగతి. అది వెనక రాసుకుని ఉన్ని బట్ట అరుగుతుందని ఒకరు హెచ్చరించారు. నా పాత కిల్ట్ తిప్పి చూస్తే నిజంగానే పోగులు లేచి ఉన్నాయి. అందుకే మొత్తం తోలు పట్టీదే తీసుకున్నాను. బెల్టు బకిల్‌కు నాలుగు వేళ్ల కింద వేలాడేలా బిగించాను, డ్రైవింగ్‌లో మాత్రం పక్కకు జరుపుకుంటాను.

ఇక్కడి వానకు తోలు మీద అప్పుడే మరకలు పడ్డాయి, మైనం రాస్తున్నాను. అమ్మ వీడియో కాల్‌లో చూసి, "అచ్చం మీ తాతయ్య ఆకువక్కల సంచిలా ఉంది కదరా" అంది.