ఫ్రెవోకి మ్యూజియం ఎందుకు? రెసీఫె వెళ్లేవాళ్ల తగువు

కాలిగజ్జె:
బ్రెజిల్‌లో పెర్నాంబుకో రాష్ట్ర రాజధాని రెసీఫె. అక్కడి కార్నివాల్ ఆటా పాటా కలిపి ఫ్రెవో. 2012లో యునెస్కో జాబితాకెక్కింది, 2014లో దానికోసం పాసో దో ఫ్రెవో అనే మ్యూజియం తెరిచారు. కార్నివాల్‌కి వెళ్లేవాళ్లు దాన్ని నిక్షేపంగా వదిలేయొచ్చని నా వాదన. ఫ్రెవో అనే పేరే "మరగడం" అనే మాట నుంచి వచ్చింది. మరిగేదాన్ని గాజు కింద పెడితే చల్లారదా? పైగా మూడో అంతస్తులో క్లబ్బుల, అంటే కార్నివాల్ ఊరేగింపు బృందాల, జెండాలను నేలలో గాజు కింద పరిచి, వాటి మీదుగా జనాన్ని నడిపిస్తారు. మనవాళ్లయితే కాలు తగిలిందని కళ్లకద్దుకుంటారు.

బూరబాబు:
వదిలేస్తే వీధిలో మీకు వినపడేది హోరొక్కటే. వీధి ఫ్రెవోలో మాటలుండవు. ట్రంపెట్లు, ట్రాంబోన్లు ఒక ముక్క విసురుతాయి, శాక్సోఫోన్లు, క్లారినెట్లు బదులిస్తాయి. లయ 2/4, మామూలుగా 16 బార్ల (తాళం ఆవృత్తాల) చొప్పున రెండు భాగాలు. శాక్సులు చిన్న స్వరాలతో ఊపిరాడనివ్వకుండా పరిగెత్తితే దాన్ని "వెంతానియా" అంటారు, ఈదురుగాలి అని. ట్రంపెట్ పైస్వరాలకెక్కితే "కొకేరో", కొబ్బరిచెట్టు. ఎదురుపడ్డ క్లబ్బు బ్యాండు గొంతు నొక్కేయడానికి ఊదేది "అబాఫో". ఇవి కాక పాడే ఫ్రెవో ఒకటి, గిటార్లు, మాండలిన్లు, వేణువులతో ఆడవాళ్లు బృందగానం చేసే నెమ్మది ఫ్రెవో ఇంకొకటి. ఈ తేడాలు ముందే చెవికి పడితే వీధిలో ఎవరు ఎవరికి బదులిస్తున్నారో తెలుస్తుంది.

కాలిగజ్జె:
సంగీతం సంగతి ఒప్పుకుంటా. అడుగులు మాత్రం గుంపులోనే అబ్బాలి.

మోకాలు_జాగ్రత్త:
గుంపులో అబ్బేది గెంతడం, అడుగు కాదండీ. "తెజోరా", అంటే కత్తెర, చూడండి. మోకాళ్లు కొద్దిగా వంచి చిన్న గెంతు. కుడికాలు ఎడమకాలి వెనక మునివేళ్ల మీద పడాలి. రెండో గెంతుకి ముడి విప్పి, కుడికాలు పక్కకి చాచి మడమ ఆనించాలి. ఎడమకాలు మాత్రం ఇంకా మునివేళ్ల మీదే. ఒళ్లు ఎడమకి జరుగుతుంది. ఇక అటునుంచి ఇటు. కొత్తవాళ్లు చాచిన కాలి మీద బరువంతా వేస్తారు. అప్పుడు తర్వాతి గెంతుకి కాలు లేవదు, తాళం జారిపోతుంది. మోకాలు నిటారుగా పెట్టి దిగితే దెబ్బ కీలుకే.
ఫ్రెవో ఆడేవాళ్లు చేత పట్టే చిన్న గొడుగు తర్వాత. లేపిన కాలి కిందనుంచి ఈ చేతినుంచి ఆ చేతికి మార్చడం అడుగు కుదిరాకే. గుంపులో దాంతో నేర్చుకుంటే పక్కవాడి కన్ను పోతుంది. మ్యూజియంలో అడుగులు నేర్పే తరగతి ఉంది. చదునైన నేల, నెమ్మదిగా మొదలయ్యే పాట. పక్కూరు ఒలిందాలోనైతే రాళ్లు పరిచిన వాలు వీధులు, అక్కడ మడమ జారుతుంది.

తాళపత్రం:
ఆ గొడుగు అలంకారంగా పుట్టలేదు. బ్యాండ్ల ముందు కపోయెరా అనే బ్రెజిల్ యుద్ధకళ తెలిసిన మల్లులు నడిచేవాళ్లు, అవతలి బ్యాండు మనుషులతో కొట్లాటలు. పోలీసులు వెంటపడితే ఆయుధాన్ని మరుగుపరిచి మామూలు గొడుగులు పట్టుకున్నారని చెబుతారు. అడుగుల్లో దెబ్బ తప్పించుకునే ఒడుపు అందుకే. ఫ్రెవో అనే మాట పత్రికకెక్కింది 1907 ఫిబ్రవరి 9న. మ్యూజియం కాలరేఖ లేకుండా ఈ వరుస వీధిలో ఎవరు చెబుతారు?
జెండాల మాటకొస్తే, అవి బరువైన కుట్టుపని చేసిన మఖమలు. నిలువుగా వేలాడదీస్తే ఆ బరువుకే గుడ్డ పైఅంచు చిరుగుతుంది. పడుకోబెట్టడమే పద్ధతి.

కాలిగజ్జె:
పడుకోబెట్టండి, బల్ల ఎత్తున పెట్టండి. ఊరేగింపు ముందు తలల మీదుగా ఎత్తి పట్టే జెండాని కాళ్లకింద చూపించడం నాకు మింగుడుపడదు.

మోకాలు_జాగ్రత్త:
అందులో మీతోనే ఉన్నా. అయినా వెళ్లేవాళ్లు కార్నివాల్ శనివారం జరిగే గాలో ద మద్రుగాదా అనే పెద్ద ఊరేగింపుకి ముందే మ్యూజియం ముగించుకోండి, ఆరోజు నగర కేంద్రంలో కదలడం కష్టం. రబ్బరు అడుగున్న బూట్లు వేసుకోండి, చెప్పులు వద్దు.