ఐరన్ మాత్రలు మొదలుపెట్టాక ఆర్‌డీడబ్ల్యూ ఇంకా పెరిగింది, ఆపేయాలా?

ప్రశ్న (రాయగడ నుంచి)
స్టేషన్ దగ్గర మాకు బియ్యం కొట్టుంది. మా అమ్మాయికి పదిహేనేళ్లు. మేడ మెట్లెక్కితే ఆయాసపడుతోందని రక్తపరీక్ష చేయించాను. హిమోగ్లోబిన్ 9, ఎంసీవీ 68, ఆర్‌డీడబ్ల్యూ 18.2. డాక్టరు ఐరన్ మాత్రలు రాశారు. నెల తిరిగాక హిమోగ్లోబిన్ 10.6, ఎంసీవీ 73. సంతోషపడేలోగా ఆర్‌డీడబ్ల్యూ 22 అని, పక్కన పైకి బాణం గుర్తు! ల్యాబులో అడిగితే డాక్టరునే అడగమన్నారు. ఆయన సోమవారం దాకా ఊళ్లో లేరు. మాత్రలు పడటం లేదా?

జవాబు (పర్లాకిమిడి, రిటైరైన ల్యాబ్ టెక్నీషియన్)
ఆపకండమ్మా. మీ కొట్టు భాషలోనే చెబుతాను. ఎర్రకణాన్ని బియ్యపు గింజ అనుకోండి. ఎంసీవీ అంటే గింజ సగటు పరిమాణం. ఆర్‌డీడబ్ల్యూ అంటే బస్తాలో గింజకూ గింజకూ ఉన్న తేడా, మామూలుగా 11.5 నుంచి 14.5 శాతం. మొదట మీ పాప బస్తాలో ఎక్కువ భాగం నూకే. ఇనుము అందేసరికి ఎముక మజ్జ మంచి బియ్యం పోయడం మొదలుపెట్టింది, నూక ఇంకా ఖాళీ కాలేదు. రెండూ కలిస్తే తేడా పెరగదా? ఇలాంటి స్లైడులో, మధ్యంతా వెలిసిపోయి ఉంగరంలా మిగిలిన చిన్న కణం పక్కనే నిండుగా ఎర్రటి కొత్త కణం కనిపిస్తుంది. నాకు ముచ్చటేసే దృశ్యం అది. ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. పాతవి పోయేకొద్దీ ఈ అంకె దిగుతుంది.

జవాబు (గుణుపురం)
అక్కా, మొదటి రిపోర్టులో ఎర్రకణాల సంఖ్య చూడండి. ఎంసీవీని దానితో భాగిస్తే 13 కన్నా తక్కువ వస్తే తలసీమియా (తల్లిదండ్రుల నుంచి వచ్చే హిమోగ్లోబిన్ లోపం) వాహకులేమోనని అనుమానించాలి. అందులో కణాలన్నీ చిన్నవే కాబట్టి ఆర్‌డీడబ్ల్యూ చాలామందిలో మామూలుగానే ఉంటుంది. మా తమ్ముడు రెండేళ్లు ఐరన్ మింగాక హిమోగ్లోబిన్ ఎలక్ట్రోఫోరెసిస్‌లో (హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూసే పరీక్ష) ఆ సంగతి బయటపడింది. మన వైపు సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంగే జబ్బు) కూడా ఉంది, అదీ ఆ పరీక్షలోనే తెలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు
4.1 అని ఉంది. భాగిస్తే 16.6 వచ్చింది.

జవాబు (పర్లాకిమిడి)
ఇనుము లోపం వైపే మొగ్గుతోంది. ఆ లెక్క ఊహ మాత్రమే. నెలలో హిమోగ్లోబిన్ 1.6 పెరగడమే అసలు సాక్ష్యం. ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ చూపే పరీక్ష) చేయించాలా అని డాక్టరును అడగండి. నెలసరిలో రక్తం ఎక్కువగా పోతోందా అన్నదీ చెప్పండి, లేకపోతే మళ్లీ మొదటికే వస్తుంది. హిమోగ్లోబిన్ సరిపోయాక కూడా నిల్వల కోసం సాధారణంగా మరో మూడు నెలలు వాడమంటారు. మాత్ర టీతో మాత్రం వేయకండి.

ప్రశ్న అడిగినవారు
అయ్యో, రోజూ పొద్దున టీ గ్లాసు చేతికిచ్చి, మాత్ర కూడా అప్పుడే వేయిస్తున్నాను బాబాయిగారూ. రేపటి నుంచి నిమ్మకాయ నీళ్లతో ఇస్తాను.