గోల్ఫ్ డ్రైవర్ విషయంలో నమ్మవలసింది కంపెనీ పేరునా, కొత్త డిజైన్‌నా?

పచ్చికబాట:
నా మిత్రుడొకరు కొత్త డ్రైవర్, అంటే బంతిని అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్బు, కొనాలనుకుంటే ఒక చిన్న కంపెనీ చేసినదాన్ని సూచించాను. మూడు రోజుల పాటు, బంతి వేగాన్నీ దారినీ కొలిచే లాంచ్ మానిటర్ ముందు కొట్టి చూశాడు. పాతదాని కంటే బంతి వేగం గంటకు రెండు మైళ్లు పెరిగింది. కుడి పక్కకు పోయే బంతులు బాగా తగ్గాయి. నాలుగో రోజు వెళ్లి పెద్ద పేరున్న కంపెనీ డ్రైవర్ కొనుక్కున్నాడు. ఎందుకని అడిగితే, "టీవీలో అందరి చేతుల్లో అదే ఉంటుంది కదా" అన్నాడు. దాన్ని ఒక్కసారి కూడా కొట్టి చూడలేదు!
డ్రైవర్ చివర బంతిని కొట్టే హెడ్ మీద ఎవరి పేరు చెక్కి ఉందో బంతికి తెలియదు. డ్రైవర్‌ను ఎంచుకోవలసింది డిజైన్ చూసి, అంకెలు చూసి. కాదనేవాళ్లు ఎందుకు కాదో చెప్పండి.

పాతకలప:
బంతికి తెలియకపోవచ్చు. డబ్బు పెట్టేవాడికి తెలియాలి.
ఇంతకీ మీరు చెప్పే కొత్తదనం ఎక్కడుంది? గోల్ఫ్ నియమాలు చేసే యూఎస్‌జీఏ, ఆర్ అండ్ ఏ సంస్థలు గీసిన గీతల లోపలే అందరూ తిరుగుతున్నారు. హెడ్ పరిమాణం 460 ఘన సెంటీమీటర్లకు మించకూడదు. లోలకానికి అమర్చిన ఉక్కు గుండు, హెడ్‌లో బంతికి తగిలే ముందు భాగమైన ఫేస్‌ను తాకి ఎంతసేపు అంటుకుని ఉంటుందో కొలుస్తారు. ఆ సమయం 239 మైక్రోసెకన్లు దాటకూడదు, కొలతలో వచ్చే తేడాకు మరో 18 వదిలిపెడతారు. పెద్ద కంపెనీలు ఈ అంచుకు చేరి ఏళ్లు గడిచాయి. అంచు దాటడానికి ఎవరికీ వీలు లేనప్పుడు మీ చిన్న కంపెనీ ఇచ్చిన ఆ రెండు మైళ్లు ఎక్కడి నుంచి ఊడిపడ్డాయి? మీ మిత్రుడి పాత షాఫ్ట్ (హెడ్‌ను తొడిగే పొడవాటి కర్ర) అతనికి సరిపడి ఉండదు, అంతే. కొత్త షాఫ్ట్ చేసిన పనికి మీరు కొత్త హెడ్‌కు దండ వేస్తున్నారు.
పేరు అన్నది ప్రకటనలతోనే వచ్చిందనుకోవడం కూడా తప్పు. 1991లో క్యాలవే కంపెనీ బిగ్ బెర్తా డ్రైవర్‌ను తెచ్చినప్పుడు 190 ఘన సెంటీమీటర్ల ఉక్కు హెడ్ అంటే చాలా పెద్దది. 1995లో టైటానియంతో దాన్ని 250కి తీసుకెళ్లారు. మధ్యలో తగలని బంతి కూడా ముందుకే పోతుందని మామూలు ఆటగాడికి చూపించిన డ్రైవర్ అది. ఆ పేరు కష్టపడి సంపాదించుకున్నది.

సాయంత్రపు ఆట:
పేరు అంత గొప్పదైతే నైకీ 2016లో క్లబ్బుల తయారీ ఎందుకు మానుకుంది?

పచ్చికబాట:
పాతకలప గారూ, మీరు ఎత్తుకున్న ఉదాహరణే మీకు ఎదురు తిరుగుతోంది. 1982లో ఈలీ క్యాలవే అడుగుపెట్టింది హికరీ కర్రలతో క్లబ్బులు చేసే ఓ చిన్న సంస్థలో. అప్పుడు దాని పేరు ఎంతమందికి తెలుసు? 1979లో గ్యారీ ఆడమ్స్ ఉక్కు హెడ్‌తో డ్రైవర్ చేసి టేలర్‌మేడ్ ప్రారంభించినప్పుడు పెద్ద పేర్లన్నీ పర్సిమన్ కలపతోనే చేస్తున్నాయి. ఆ ఉక్కు డ్రైవర్‌కు కూడా 'పిట్స్‌బర్గ్ పర్సిమన్' అని కలప పేరే పెట్టవలసి వచ్చింది. పేరు చూసి కొనాలన్న మీ సూత్రాన్ని ఆనాడు అందరూ పాటించి ఉంటే ఈనాడు మీరు చెప్పే పేర్లే ఉండేవి కావు.

భౌతికం టీచర్:
ఒక పొరపాటును సరిచేయాలి. పాతకలప గారు చెప్పిన హద్దు ఫేస్ ఎంత స్ప్రింగులా పనిచేస్తుందన్నదానికి. అందుకే సరిగ్గా మధ్యలో తగిలిన బంతి విషయంలో ఏ రెండు మంచి డ్రైవర్ల మధ్యా పెద్ద తేడా ఉండదు. కానీ మనలో ఎంతమందికి ప్రతిసారీ మధ్యలో తగులుతుంది? బంతి ఫేస్ చివర తగిలితే హెడ్ మెలి తిరుగుతుంది. ఆ మెలికతో వేగం పోతుంది, బంతికి పక్క స్పిన్ వస్తుంది. ఆ స్పిన్‌తో వంపు తిరిగిన బంతి దారికి రావాలనే డ్రైవర్ ఫేస్‌ను చదునుగా కాక కొంచెం ఉబ్బుగా చేస్తారు. హెడ్ ఎంత తక్కువ మెలి తిరుగుతుందో చెప్పేది జడత్వ భ్రామకం, ఆటగాళ్లు ఎంఓఐ అంటారు. డిజైన్ చేసేవారి తెలివి ఇప్పుడు ఎక్కువగా అక్కడే ఖర్చవుతోంది. పైకప్పును కార్బన్‌తో చేసి మిగిల్చిన కొద్ది గ్రాములను హెడ్ వెనక చివరకు చేర్చడం తేలిక పని కాదు.

ఎడమచేతి ఆటగాడు:
ఎంఓఐకి కూడా 5900 అని హద్దు ఉంది కదా? మరి 2024లో పింగ్, టేలర్‌మేడ్ రెండూ పదివేల ఎంఓఐ అంటూ డ్రైవర్లు తెచ్చాయి. 5900 హద్దు ఉన్నచోట 10,000 ఎలా సాధ్యం? ఇది జనాన్ని మోసగించడం కాదా?

భౌతికం టీచర్:
మోసం కాదు. నిలువు అక్షం చుట్టూ తిరిగే దానికే 5900 చదరపు సెంటీమీటర్ గ్రాముల హద్దు. అడ్డ అక్షం చుట్టూ, అంటే బంతి ఫేస్ పైభాగానో కింది భాగానో తగిలినప్పుడు హెడ్ ముందుకీ వెనక్కీ వాలే దానికి, ఈ హద్దు వర్తించదు. రెండింటినీ కూడి 10,000 అంటున్నారు.

ఎడమచేతి ఆటగాడు:
రెండు వేర్వేరు విషయాలను కూడి ఒకే అంకెగా చెప్పడాన్ని ఏమంటారు? నా ఎత్తునూ నా బరువునూ కూడి చెప్పవచ్చా?

భౌతికం టీచర్:
ఎత్తు, బరువు వేర్వేరు ప్రమాణాలు. ఈ రెండింటికీ ప్రమాణం ఒకటే.

ఎడమచేతి ఆటగాడు:
ప్రమాణం ఒకటైనా దిశ వేరు. హద్దు ఒకదానికి ఉంది, రెండోదానికి లేదు. పెట్టె మీద విడివిడిగా రాస్తే ఏం పోయింది? పెద్ద పేరున్నవారే ఇలా చేస్తే ఇక ఎవరిని నమ్మాలి?

పాతకలప:
భౌతికం టీచర్ గారి వివరణకు కృతజ్ఞతలు. నేను చెప్పింది కూడా అదే. ఆ పదివేల డ్రైవర్లు రెండూ ఎవరివి? పెద్ద కంపెనీలవే. గ్రాము గ్రాము లెక్కపెట్టి హెడ్‌లో సర్దడానికి ప్రయోగశాలలు కావాలి, మంచి అచ్చులు కావాలి, వందల హెడ్‌లను పగలగొట్టి చూడగల స్థోమత కావాలి. 2022లో టేలర్‌మేడ్ ఫేస్‌నే 60 పొరల కార్బన్‌తో చేసింది. పేరు, కొత్తదనం ఒకదానికొకటి శత్రువులని మీరు గీసిన గీతే తప్పు.

పచ్చికబాట:
కార్బన్ హెడ్‌లు ఆటలోకి వచ్చి అప్పటికి దశాబ్దాలు. 2022లో కొత్తగా కనిపెట్టినట్లు ప్రచారం చేశారు.

పాతకలప:
హెడ్ కాదు, ఫేస్. నేను ఫేస్ అన్నాను. మళ్లీ చదవండి.

పచ్చికబాట:
చదివాను. పాత ఆలోచనకు కొత్త రంగు పూసి, అందరికంటే ముందు మేమే అన్నట్లు చెప్పుకున్నారని అంటున్నాను. దానికి మీ దగ్గర జవాబు లేదు.

తేలికస్వింగ్:
నైకీ గురించి అడిగినవారికి: 2007లో వాళ్లు నలుచదరపు హెడ్‌తో డ్రైవర్ తెచ్చారు. ఎంఓఐ ఎక్కువే, బంతి తిన్నగా పోయేది. కానీ తగిలినప్పుడు వచ్చే మోత వింటే పక్క ఫెయిర్‌వేలో వాళ్లు కూడా తిరిగి చూసేవారు. పేరూ ఉంది, కొత్తదనమూ ఉంది, అయినా ఆ ఆకారం నిలవలేదు. మీ ఇద్దరి వాదనకూ అది అందదు.

పాతకలప:
ఇంకొక్కటి. 2025 పీజీఏ ఛాంపియన్‌షిప్‌కు ముందు గోల్ఫ్ ఆటగాడు స్కాటీ షెఫ్లర్ డ్రైవర్ ఈ హద్దుల పరీక్షలో తప్పింది. వాడగా వాడగా ఫేస్ అరిగి హద్దు దాటడం మామూలే. పక్కన పెట్టి, సిద్ధంగా ఉంచుకున్న మరో డ్రైవర్‌తో ఆడి ఆ పోటీ గెలిచాడు. ఒకటి పోతే దానిలాంటిదే మరొకటి చేతికి వస్తుంది, అదే తీరున కొడుతుంది. నేను పేరు అనేది దీన్నే.

పచ్చికబాట:
షెఫ్లర్ చేతికి వచ్చేది ఏరి, కొలిచి, తూచి ఇచ్చిన హెడ్. మీ చేతికి వచ్చేది అరలో వరుసలో ఉన్నది. ఆ రెండూ ఒకటేనని నమ్మి కొనేవాళ్లకు ఆట కావాలా, పక్కవాడి చూపు కావాలా? బ్యాగులోంచి తీసేటప్పుడు నలుగురూ చూడాలి, అంతే కదా.

పాతకలప:
ఇప్పటిదాకా ఊరుకున్నాను, ఇక చెబుతాను. పక్కవాడి చూపు కోసం కొనేవాడిని కాను నేను. నాలుగేళ్ల క్రితం మీలాగే అంకెలు చూసి, ఎవరికీ తెలియని ఒక కంపెనీ డ్రైవర్ కొన్నాను. మొదటి నెలలు అద్భుతం. తోటివాళ్లను కూడా కొనమని పోరాను, ఇద్దరు కొన్నారు. ఒక ఉదయం మూడో టీ (మూడో హోల్ ఆట మొదలుపెట్టే చోటు) దగ్గర కొడితే ఎప్పుడూ వచ్చే కంచు మోత రాలేదు. తడిసిన చెక్కను కొట్టినట్లు వచ్చింది. హెడ్‌ను ఎండకు వాల్చి చూస్తే ఫేస్ పై అంచు దగ్గర వెంట్రుక మందాన గీత. మరకేమో అనుకుని తుడిచాను. బొటనవేలి గోటితో గీస్తే గోరు ఆగింది. చీలిక.
వారంటీ పత్రం ఉంది. ఉత్తరం రాశాను. వారం ఆగి మళ్లీ రాశాను. తర్వాత వారి ఫోను పనిచేయలేదు. ఆ ఏడాది చివరకు వారి వెబ్‌సైట్ కూడా లేదు. నా మాట నమ్మి కొన్న ఇద్దరిలో ఒకరిది కూడా చీలింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ బాధ. ఈ మనిషిని పట్టుకుని మీరు పక్కవాడి చూపు గురించి మాట్లాడుతున్నారు.

సాయంత్రపు ఆట:
ఇది మొదటి రోజే చెప్పి ఉంటే బాగుండేది పాతకలప గారూ.

పచ్చికబాట:
ఆ మాట అన్నందుకు క్షమించండి. మీ గురించి తెలియక అన్నాను.
నా సంగతి కూడా చెబుతాను. నేను పన్నెండేళ్లు ఒకే పెద్ద కంపెనీ డ్రైవర్లు వాడాను. చివరిదాని మీద 9 డిగ్రీల లాఫ్ట్ (ఫేస్ వెనక్కి వాలే కోణం) అని రాసి ఉంది. బంతి ఆకాశానికి లేచి, ఆగి, అక్కడే పడేది. తప్పు నా స్వింగ్‌దే అనుకున్నాను. రెండేళ్లు బంతిని నిలబెట్టే టీ పుల్ల ఎత్తు మార్చాను, నిలబడే తీరు మార్చాను, నడుము నొప్పి తెచ్చుకున్నాను. ఒక రోజు క్లబ్బులు బాగుచేసే ఆయన ఫేస్‌కు గేజ్ ఆనించి, "దీని మీద ఎంత రాసి ఉంది?" అని అడిగాడు. ముల్లు 10.75 దగ్గర నిలిచింది. కంపెనీకి రాస్తే, మా అనుమతించిన తేడాలోనే ఉందని రెండు వాక్యాల జవాబు వచ్చింది. మీకు జవాబే రాలేదు. నాకు వచ్చిన జవాబు అది. అప్పటి నుంచి నేను పేరు చదవను, కొలుస్తాను.

తేలికస్వింగ్:
ఇన్ని జవాబుల తర్వాత అసలు తగాదా ఇప్పుడు బయటపడింది. మీరిద్దరూ మాట్లాడుతున్నది డిజైన్ గురించి కాదు. తేడా వచ్చినప్పుడు నష్టం ఎవరి నెత్తిన పడాలన్నదాని గురించి. పాతకలప గారికి కావలసింది విరిగినప్పుడు పలికే మనిషి. పచ్చికబాట గారికి కావలసింది రాసినదానికీ ఉన్నదానికీ తేడా లేని వస్తువు.
నేను ఆడవాళ్ల వైపు నుంచి ఒక మాట చెబుతాను. నా స్వింగ్ వేగం తక్కువ. పెద్ద కంపెనీల దగ్గర నాకు ఏళ్ల తరబడి దొరికింది మగవాళ్ల హెడ్‌కే వేరే రంగు వేసి మెత్తటి షాఫ్ట్ తొడిగినది. మొత్తం క్లబ్బునే తేలికగా చేయాలని ఎవరైనా ఆలోచించారేమో అని వెతుక్కుంటూ వెళ్తే, జపాన్‌లో 2000లోనే మొదలైన జెక్సియో బ్రాండ్ కనిపించింది. నాకు తెలిసినవారిలో ఆ పేరు విన్నవాళ్లు లేరు. కొట్టి చూశాకే కొన్నాను. కొత్తదనం అంటే నాకు 10,000 అనే అంకె కాదు. నాలాంటి వాళ్లను ఎవరో ఒకరు లెక్కలోకి తీసుకోవడం.

ఎడమచేతి ఆటగాడు:
లెక్కలోకి తీసుకోవడం అంటే నా బాధ కూడా అదే. పచ్చికబాట గారు చెప్పే చిన్న కంపెనీలు ఎడమచేతికి డ్రైవర్ చేస్తున్నాయా? నేను అడిగిన మూడూ లేదన్నాయి. నాకు పెద్ద పేరు తప్ప వేరే దారి లేదు. అందుకే వాళ్లు పెట్టె మీద రాసే ప్రతి అంకె మీదా నాకంత పట్టింపు. 10,000 సంగతి నేను వదలను.

పాతకలప:
తేలికస్వింగ్ గారు చెప్పింది ఒప్పుకుంటాను, సగం. పలికే మనిషి కావాలన్నది నిజం. అయితే నష్టం కొన్నవాడి నెత్తినే పడకూడదని అంటున్నాను. ప్రయోగం చేయాలనుకున్నవాడు తన డబ్బుతో, తన ప్రయోగశాలలో చేసుకోవాలి. నా డబ్బుతో, మూడో టీ దగ్గర కాదు.

పచ్చికబాట:
అలా అయితే డబ్బున్న నాలుగు కంపెనీలే ప్రయోగాలు చేయాలి, మిగిలినవాళ్లు ఆ పనికే రాకూడదు. 1979లో ఆ ఉక్కు హెడ్‌ను మొదట కొన్నవాళ్లు కూడా సాహసమే చేశారు. దీని మీద మనకు కుదరదు.
ఒకటి అడుగుతాను. చీలిన ఆ హెడ్ ఇంకా మీ దగ్గర ఉందా? ఉంటే అడ్డంగా కోయించి ఫేస్ మందం కొలుద్దాం. హద్దు అంచుకు చేరాలన్న ఆత్రంతో మరీ పలుచగా చేశారా, లేక అతుకు దగ్గర లోపమా అన్నది తేలుతుంది. పలుచన అయితే డిజైన్ తప్పే, నేను ఒప్పుకుంటాను.

పాతకలప:
ఉంది. పారేయడానికి మనసొప్పలేదు. రేపు చీలిక ఫొటో పెడతాను. కోయించడానికి అభ్యంతరం లేదు, కానీ మీ 9 డిగ్రీల డ్రైవర్‌ను కూడా తీసుకురండి. అదే రోజు, అదే బల్ల మీద, మీ గేజ్ కాకుండా వేరే గేజ్‌తో కొలవాలి.